ఉప్పు చూడని చెయ్యి

ఆకలిని ఇచ్చి, ఆకలికి ముందే అన్నాన్ని పుట్టించి, మట్టిలో వేసిన గింజకు పైకి రావడానికి దారి చూపించి, మనం తలుచుకోకపోయినా పూటపూటా మన కంచం దగ్గర కూర్చుని మనతో పాటు మెతుకులు లెక్కపెట్టే ఆ చల్లని స్వామికి ముందుగా నా నమస్కారం. ఆయన దయవల్లనే ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నాను. రాసిందాంట్లో రుచి ఉంటే అది ఆయనది, తప్పు ఉంటే అది నాది.

ఇప్పుడు నేను విజయనగరంలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. మా మేడమీద ఆడవాళ్ళం కొందరం శనివారాలు కూడి భజన చేసుకుంటాం. కింది వాటాలో ఉండే అమ్మాయి, ఉద్యోగం చేసుకుంటూ కూడా ఓపికగా రంగు డబ్బాల్లో మిరప మొక్కలూ కరివేపాకూ పెంచుతుంది. పోయిన శనివారం ఆ మిరపకాయలతోనే పులిహోర కలిపి, గిన్నె ఒక చేత్తో, చెంచా ఒక చేత్తో పట్టుకుని వచ్చి, దేవుడికి పెట్టేముందు ఉప్పు సరిపోయిందో లేదో ఒక్కసారి చూసి చెప్పండి మామ్మగారూ అని ఎంతో ఆప్యాయంగా అడిగింది. ఆ పిల్లది ఏ తప్పూ లేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే. నాకెందుకమ్మా, స్వామే చూసుకుంటాడులే అని నవ్వి పంపించాను. ఆ రాత్రి భజనలో నా నోరు పాడుతూనే ఉంది, మనసు మాత్రం కోటబొమ్మాళి అవతల మా ఊళ్ళో, రామకోవెల మెట్ల దగ్గర నిలబడిపోయింది.

మా వీధిలో ఇరవై ఇళ్ళు ఉండేవి, అందరమూ వరి పండించుకునేవాళ్ళమే. శనివారం సాయంత్రం కోవెలలో భజన, మా నాన్నకి అన్నయ్య అయిన మా పెదనాన్న తాళాలు పట్టుకుని ముందు కూర్చుని పాడించేవాడు, మధ్యమధ్య పురాణం చెప్పేవాడు. ప్రసాదం ఒక్కొక్క శనివారం ఒక్కొక్క ఇంటి వంతు. దానికొక కట్టుబాటు ఉండేది. ప్రసాదంలో పడేదేదీ కొన్నది కాకూడదు, ఎవరి పొలంలో ఎవరి పెరట్లో పండిందో వాళ్ళు దానితోనే వండాలి. ఒక్క ఉప్పుకి మాత్రం మినహాయింపు, అది నౌపడ వైపు నుంచి బండి మీద వచ్చే కళ్ళుప్పు. రెండో కట్టుబాటు, స్వామి కంటే ముందు ఎవరూ దాన్ని రుచి చూడకూడదు. వండిన చెయ్యి కూడా చూడకూడదు.

మా ఇంటి వంతు ఎప్పుడూ ఆవ పెట్టిన పులిహోరే, చేసేది మా మామ్మ, అంటే మా నాన్నని కన్న తల్లి. బియ్యం మా మడిలోవి, చింతపండు మా గట్టు మీద చెట్టుది, పసుపు మా పెరట్లో తవ్వి ఉడకబెట్టి ఎండబెట్టి దంచుకున్నది, నువ్వుల నూనె మా నువ్వులు గానుగకి ఇచ్చి ఆడించినది, ఆవాలు కంచె పక్క చల్లుకున్నవి. తలుచుకుంటే ఇప్పటికీ కలలాగే ఉంటుంది, ఆ ఇంట్లో కొనుక్కోవడం అనే మాట కంటే కోసుకురావడం అనే మాటే ఎక్కువ వినపడేది. మామ్మ తలస్నానం చేసి, తడిచీరతోనే పొయ్యి దగ్గర కూర్చుని, వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో అన్నం ఆరబోసి, పిడికిలి నిండా ఉప్పు పట్టి జల్లేది. ఆ పిడికిలే ఆవిడ కొలత. నలభై ఏళ్ళు ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదని ఊరంతా చెప్పుకునేవారు.

నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి మామ్మ వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. పిడికిలి పూర్తిగా మూసుకునేది కాదు. మూసుకోని పిడికిట్లో ఉప్పు ఎక్కువ పడుతుందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఆ ఏడు వేసవి ఆఖర్న వచ్చిన వంతులో ప్రసాదం నోట్లో వేసుకున్నవాళ్ళంతా మాట్లాడకుండా నీళ్ళ కోసం చూశారు. ఆ తరువాతి వంతులోనూ అంతే అయింది. మృదంగం వాయించే ముసలాయన, మామ్మకి వరసకి మరిది, ఊరుకునే మనిషి కాదు.

"వదినా, ఈపాలి సముద్రం మన కోవెల కాడికే వచ్చీసినట్టున్నాది!"

అందరూ నవ్వారు, మామ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం పెదనాన్న మెల్లగా, పై వంతు నుంచి కోడలు వండుతుందిలే అమ్మా, నువ్వు పక్కన కూర్చుని చెప్పు చాలు అన్నాడు. మామ్మ తన వేళ్ళని ఒకసారి ముడిచి, విప్పి చూసుకుంది. ఆఖరికి అంది.

"ఇంకొక్క వంతు నాకిడిసిపెట్టండ్రా. ఈపాలి నా పళ్ళెం సామికి సరిగ్గా అందకపోతే, మరింకెప్పుడూ దాన్ని ముట్టుకోను. ఒట్టు."

గోడకి ఇవతల పడుకుని నేను ఈ మాట విన్నాను. విన్న దగ్గరనుంచీ ఆ ఒట్టు నా గుండెల మీద కూర్చుంది.

వంతుకి ముందు నెల్లాళ్ళు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలంటే నాకు మాటలు చాలవు. మామ్మకి హఠాత్తుగా వంట మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. పొద్దున్నే చోడిపిండి, అదే రాగిపిండి అట్లు, వాటికి పచ్చిమిరపకాయ నూరిన పచ్చడి. మధ్యాహ్నం లేత పనసకాయ కొట్టి ఆవ పెట్టిన కూర. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి చాటలో వేడివేడి జంతికలు, మరునాడు ఉప్పుడుపిండి, ఆ మరునాడు కాల్చిన తాటి తేగలు, వాటి పక్కన ఉప్పూ కారమూ వేసిన చిన్న గిన్నె. పెరట్లో కాసిన ప్రతి కాయా మా కంచాల్లోకి ఏదో ఒక రూపంలో వచ్చేది. మేం తింటూ ఉంటే మామ్మ గుమ్మానికి ఆనుకుని మా మొహాల్లోకే చూస్తూ ఉండేది. మా అదృష్టం పండిందనుకుని పిల్లలందరం ఒళ్ళు మరిచి తిన్నాం. ఆ నెల రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముందు నూనెలో జంతిక గిర్రున తిరిగే చప్పుడు వినిపిస్తుంది, ఆ తరువాతే మామ్మ ముఖం కనిపిస్తుంది.

ఫాల్గుణంలో మా వంతు వచ్చింది. కొత్త చింతపండు, గింజ తీసి ఇంకా వారం కాలేదు. మామ్మ కలుపుతోంది, అన్నం ఆరడానికి నేను విసనకర్రతో విసురుతున్నాను. ఉప్పు దగ్గరకి వచ్చేసరికి ఆవిడ చెయ్యి తటపటాయించింది. పట్టిన ఉప్పులో కొంచెం కుండలోకి రాల్చింది, మళ్ళీ చూసుకుంది, మళ్ళీ రాల్చింది. కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకుని, మిగిలింది అన్నం మీద జల్లింది. నలభై ఏళ్ళుగా ఒక్క విసురున పడే ఉప్పు అలా ఆగి ఆగి పడడం చూసి నేను విసరడం మరిచిపోయాను.

అరిటాకు కోసుకు రావడానికి మామ్మ పెరట్లోకి వెళ్ళింది. వంటింట్లో నేను, ఆ పళ్ళెం. దేవుడిముందు అబద్ధం రాయకూడదు కదా, ఆకలితో కాదు, చాపల్యంతో కాదు, మామ్మ మళ్ళీ నవ్వులపాలు కాకూడదని, ఉప్పు ఎక్కువైతే ఇంత అన్నం కలిపేద్దామని, పళ్ళెం అంచున నాలుగు మెతుకులు తీసి నోట్లో వేసుకున్నాను.

అమృతం. అంతకు మించి చెప్పలేను. పులుపు ముందు వచ్చి, ఆవ ఘాటు ముక్కుకెక్కి, ఆ వెనకాల ఉప్పు ఎక్కడుందో తెలియకుండా అన్నిటినీ పట్టి నిలబెట్టింది. మామ్మ చెయ్యి తప్పలేదు. తప్పింది నేను. ఆ మాట మెతుకులు గొంతు దిగాక గానీ నాకు తెలియలేదు.

ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మామ్మ పళ్ళెం మీద ఆకు కప్పి నా నెత్తికెత్తింది. వీధి పొడుగునా నడిచాను. లోపల తాళాలు మోగుతున్నాయి. కోవెల మొదటి మెట్టు మీద కాలు పెట్టాను, రెండోది పెట్టలేకపోయాను.

వెనకనుంచి మామ్మ అంది, "ఎక్కవేటే గుంటా? కాల్లో ముల్లు దిగినాదేటి?"

"మామ్మా, నాను సూసీసినాను."

"ఏటి సూసినావు?"

"ఉప్పు."

మామ్మ నా నెత్తి మీది పళ్ళెం దించి మెట్టు మీద పెట్టి, దాని పక్కనే తనూ కూర్చుండిపోయింది. పాట ఆపి పెదనాన్న బయటికి వచ్చాడు, సంగతి విన్నాడు, నా మొహం చూసి జాలిపడ్డాడు.

"పోన్లేయే అమ్మా, సిన్నగుంట. అడివిలో ఆ ముసలమ్మ ఎంగిలి పళ్ళు పెడితే సామి తిన్లేదేటి? మొన్న శనివారం ఆ కత నానే కదా సెప్పినాను."

"సెప్పినావులేరా, బాగానే సెప్పినావు. ఆ యమ్మ సామి మీద పేమతోటి కొరికినాది. ఇది నా సెయ్యి మీద అనుమానంతోటి నోట్లో ఏసుకున్నాది. రెండూ ఒకటేనేటి?"

పురాణం చదివినవాడు పెదనాన్న, దాని మర్మం తెలిసింది మామ్మకి. నేను మాత్రం నీ కోసమే మామ్మా అని అనబోయి అనలేకపోయాను, ఎందుకంటే ఆవిడ అన్నదీ నిజమే.

అమ్మ ఇంటికి పరిగెత్తి, మేం దంచుకున్న అటుకులూ, మా చెరుకు బెల్లమూ, మా చెట్టు కొబ్బరికాయా తెచ్చింది. మామ్మ నన్ను చేతులు కడుక్కుని రమ్మని, కోవెల వసారాలో నాచేతనే కలిపించింది. రుచి చూడకుండా నా చేతులతో కలిపిన మొట్టమొదటి ప్రసాదం అదే. హారతి అయ్యాక, స్వామికి అందని ఆ పులిహోరని అన్నం పారెయ్యకూడదు కదా అని అందరికీ మామూలు తిండిలాగే పెట్టారు. నేను చేసిన పని మామ్మ ఒక్కరికి కూడా చెప్పనివ్వలేదు, మడి తప్పిపోయింది, అంతే అంది.

మృదంగం తాత రెండోసారి ఆకు చాపాడు. "సముద్రం ఎనక్కెళ్ళిపోనాది వదినా! ఇలాటి పులిహోర నా పెళ్ళిలో కూడా తిన్లేదు."

అందరూ తిన్నాక ఆఖర్న మామ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. నా వైపు తిరిగి నాకొక్కదానికే వినపడేలా అంది.

"కుదిరినాది కదే. సామికే అందలేదు."

అందులో కోపం ఉండి ఉంటే నేను ఓర్చుకునేదాన్ని. ఒట్టు ఉప్పు గురించే కదా అమ్మా, ఉప్పు సరిపోయింది కదా అని పెదనాన్న ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. స్వామికి అందకపోతే అన్నాను, అందలేదు, నా వంతు అయిపోనాది అంది. పై వంతు నుంచి ఆ పళ్ళెం ముందు నన్నే కూర్చోబెట్టి, తను వంటింటి గుమ్మం బయట అటు తిరిగి కూర్చునేది. నా ఉప్పు కొన్నిసార్లు కుదిరింది, కొన్నిసార్లు కుదరలేదు.

మామ్మ వెళ్ళిపోయిన చాలా ఏళ్ళకి, వడియాలు పెడుతూ పెడుతూ అమ్మ ఏదో మాటల్లో చెప్పింది. ఆ నెల్లాళ్ళ పిండివంటలు మా మీద ముద్దుతో చేసినవి మాత్రమే కావట. మూసుకోని పిడికిలికి ఎంత ఉప్పు పడుతుందో కొత్తగా నేర్చుకోవడానికి రోజూ ఒకటి వండి, ఎక్కువైందో తక్కువైందో మా మొహాలు చూసి తెలుసుకునేదట. డెబ్భై ఏళ్ళ వయసులో నలభై ఏళ్ళ విద్యని మళ్ళీ మొదటినుంచి దిద్దుకుంది. అంత దిద్దుకుని ఒక్కసారి స్వామి ముందు పెడదామనుకున్న పళ్ళెం అది.

ఇప్పుడు మా ఊరి కోవెలకి పాలరాయి పరిచారు. వంతులు లేవు, శనివారం ప్రసాదం నరసన్నపేటనుంచి వ్యానులో వస్తుంది, రుచిలో వంక పెట్టడానికి లేదు. ఇరవై ఇళ్ళ వెనకాలా పెరళ్ళు సిమెంటు చేసుకున్నారు, నువ్వులు ఆడించే గానుగ ఎక్కడ ఉండేదో చెప్పగలిగినవాళ్ళు కూడా తక్కువే. నేను వాళ్ళని తప్పుపట్టను, ఎవరి తీరికలు వాళ్ళవి. కానీ ముందుగా తిని చూడకుండా, తన చేతిని తను నమ్మి, ఆ చేతిని ఇచ్చినవాడిని నమ్మి, ఒక పళ్ళెం నిండా వండి పెట్టడం అనే ధైర్యం మనుషుల్లో ఉండేదని, దాన్ని నా కళ్ళతో చూశానని నా ఈడువాళ్ళకి చెప్పుకోవాలనిపించింది. మీ ఇళ్ళల్లోనూ అలాంటి చేతులు ఉండే ఉంటాయి, వాటిని ఎప్పుడో ఒకప్పుడు మీరూ అనుమానించే ఉంటారు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఇది చదవడం అయ్యాక ఒక్క నిమిషం నాతో పాటు చేతులు జోడించండి. స్వామీ, ఆ ఫాల్గుణ శనివారంనాటి పులిహోర నీకు అందలేదని అనుకుంటూనే ఆ ముసలిప్రాణం నీ దగ్గరికి వచ్చేసింది. అందిందని నువ్వే ఆవిడకి చెప్పు. ఆ మాట చెప్పమని మీరు కూడా నాతో కలిసి అడగండి. నేను ఒక్కదాన్నే అడిగి అడిగి ఇన్నేళ్ళయింది.