పిట్టను తీసేసిన ఆట

ఆ దయ్యాల ఆట రెండో భాగం మీద నాకు ఇప్పటికీ కోపమే. రెండో తరగతితో బడి మానేసిన ముసల్దానికి ఫోను ఆటల సంగతి ఏం తెలుసని నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ఊరు విడిచి బతకడానికి వచ్చిన ఈ భేస్తాన్‌లో మాది ఒకే గది. కొడుకు సాంచాల మీద బట్ట నేయడానికి పోయేవాడు. కోడలూ నేనూ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. కరోనా మొదటి ఏడు మా ఆయనను దవాఖానకు తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు. వాళ్ళే కాల్చేశారు, మాకు చూపించలేదు.

పోయినవాడికి ఇష్టమైనవి వండి, మూడోనాడు ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకుండా కాచుకోవడం మా ఆచారం. పిట్టకు పెట్టడం అంటాం. అప్పుడు ఎవరూ బయటికి పోకుండా గల్లీకి రెండు దిక్కులా బొంగులు కట్టేశారు. మేడ మీది తలుపుకు ఇంటి యజమాని తాళం వేసుకున్నాడు. ఎంత బతిమాలినా తీయలేదు. ఎదుటి గోడ తప్ప ఏమీ కనబడని కిటికీలో ఆకు పెట్టాను. ఏ కాకి వస్తుంది అక్కడికి? బతుకులో నేను అన్నం పారేసింది ఆ ఒక్కనాడే.

అప్పటినుంచి మనవరాలు ఇంట్లో మాట్లాడటం మానేసింది. తాత వెంబడే తిరిగి పెరిగిన పిల్ల. ఏమడిగినా ఊఁ, ఊహూఁ. దాని గొంతు ఫోనులో ఆ ఆట ఆడేటప్పుడే వినబడేది. పెద్ద పెద్ద కళ్ళున్న జపాను బొమ్మ పిల్లలు దయ్యాల కోటలో తిరుగుతుంటారు. మొహాలు కూడా ఎరగని నలుగురు పిల్లలు దీనితో కలిసి ఆడుతూ హిందీలో ముచ్చట పెట్టేవాళ్ళు. ఆ గొంతు కోసమే, కరెంటు కాలుతున్నా నోరు మూసుకున్నాను.

మొదటి భాగంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. తోడు వచ్చినవాడు దయ్యం చేతిలో చస్తే మిగిలినవాళ్ళు గిన్నెలో అన్నం పెట్టి కూర్చోవాలి. నల్లపిట్ట వచ్చి ముట్టేదాకా ఆట ముందుకు కదలదు. మనవరాలు రెప్ప వేయకుండా ఆ పిట్ట కోసం చూసేది. అది ఎవరి కోసం చూస్తున్నదో నాకు తెలియదా!

మరుసటి ఏడు రెండో భాగం వచ్చింది. ఒక మధ్యాహ్నం కోడలు కత్తిరించిన చీరలు అప్పజెప్పడానికి పోయింది. మనవరాలు ఆడేటప్పుడు చెవిలో పెట్టుకునేవి పాడైతే కొత్తవి కొననివ్వలేదు నేను. అందుకని ఫోనులో వాళ్ళనేదంతా నాకూ వినబడుతున్నది.

"గ్రాఫిక్స్ మస్త్ హై యార్," అన్నాడొకడు, బొమ్మలు భలే ఉన్నాయని.

"వో చావల్‌వాలా నాటక్ నికాల్ దియా, అచ్ఛా హువా," అన్నాడింకొకడు. ఆ అన్నం నాటకం తీసేశారట, మంచి పని చేశారట. ఇప్పుడు ఎవడు చచ్చినా బటన్ నొక్కి ముందుకు పోవచ్చట.

మనవాడు చస్తే ఏమీ కాదన్నప్పుడు ఇంక దయ్యమంటే భయమెందుకని మనవరాలు హిందీలో అడిగింది.

వాళ్ళు పకపకా నవ్వారు. "ఆ గయీ దాదీ అమ్మా! జా, కౌవోఁ కో ఖిలా!" వచ్చిందమ్మా ముసలమ్మ, పో, పోయి కాకులకు తినిపించుకో అని.

కత్తెర విసిరేసి ఫోను గుంజుకున్నాను. నాది కూరగాయలు బేరమాడే హిందీ. "దాదీ మై హూఁ! ముఝ్‌సే బోల్! తుమ్హారే ఘర్ మే కోయీ నహీ మరా క్యా? బటన్ దబాకే ఆగే గయే క్యా?" అని అరిచాను. ముసలమ్మను నేను, నాతో మాట్లాడు, మీ ఇంట్లో ఎవరూ చావలేదా, చస్తే బటన్ నొక్కి ముందుకు పోయారా అని. హిందీ అయిపోతే తెలుగులోకి దిగాను. "మీ మొకాలు మండ! కన్నోళ్ళు గిదే నేర్పిండ్రా?"

ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత ఫోను మూగబోయింది.

"నన్ను గ్రూపు నుంచి తీసేసిండ్రు బాపమ్మా!" మనవరాలి మొహం ఎర్రబడింది. "నిన్నెవలు మాట్లాడుమన్నరు? ఇగ నేనెవలతోని మాట్లాడాలె?"

"నాతోని మాట్లాడు."

"నీతోనా? తాత పేరెత్తితేనే కసురుతవ్!"

"కసరక ఏం జెయ్యాలె? మొకం జూడనియ్యకపాయె, పిట్టకు పెట్టనియ్యకపాయె. గా తాళమేసినోని గల్ల పట్టుకుందునా?"

అది నా చేతిలోంచి ఫోను తీసుకుని, రెండో భాగం ఆడినవాళ్ళు తమ అభిప్రాయం రాసే చోటు తెరిచింది.

"నేను జెప్త, రాయి," అన్నాను.

"నువ్వు జెప్పకు. నాకొస్తది."

హిందీలో రాసి, తెలుగులో చదివి వినిపించింది. "మా తాత సచ్చిపోతే పిట్ట రాలే. మీ మొదటి ఆటల వచ్చేది. గా పిట్టను తీసేసినోళ్ళకు భయమంటే ఏందో ఎర్క లేదు."

విసిరేసిన కత్తెర వెతికి తెచ్చుకున్నాను.

"చుక్కలియ్యాలె బాపమ్మా. మంచిగుంటే అయిదు, లేకుంటే తక్కువ."

"ఒక్కటి సుత ఇయ్యకు."

"ఒక్కటన్న ఇయ్యకుంటే రాసింది వాళ్ళకు పోదు."

"గదేంది? పిట్టను గుంజుకున్నోళ్ళకు మల్ల మనమే ఎదురియ్యాల్నా?"

"రూలు గట్లున్నది."

"ఎవని రూలే అది? ఇయ్యకు!"

"అయితే తాత గురించి రాసింది ఉత్తగనే పోవాల్నా? ఇస్త!"

"ఇయ్యద్దంటున్ననా!"

ఇద్దరం గొంతులు చించుకుంటుండగా కోడలు వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా, కూతురి అరుపులు వింటూ గడపలోనే నిలబడిపోయింది.