వంక గట్టున ఆడవాళ్ళ చాటు

నాకు ఏ చోటు మీద బెంగో చెబితే మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. పుట్టిల్లు అంటే సరే అంటారు. చిన్నప్పటి బడి అన్నా ఒప్పుకుంటారు. నేను తలచుకునేది అత్తగారి ఊళ్ళో వంక గట్టున ఉండిన కంపచెట్ల చాటు. తెల్లవారక ముందు ఆడవాళ్ళం చెంబులు పట్టుకుని పోయే చోటు. ఇంతకంటే విడమరచి చెప్పను, అర్థం కావలసిన వాళ్ళకు అయ్యే ఉంటుంది. ఇప్పుడు ప్రొద్దుటూరులో నేనుంటున్న ఇంట్లో గొళ్ళెం ఉన్న గది ఉంది, తిప్పితే నీళ్ళు వస్తాయి. వద్దనేంత పిచ్చిదాన్ని కాదు. కానీ ఆ గదిలో మాట్లాడడానికి ఎవరూ ఉండరు.

మా పుట్టిల్లు జమ్మలమడుగు పక్కన. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాకు తల దువ్వి, సంగటి కలిపి పెట్టి, జ్వరమొస్తే పక్కన పడుకుని సాకింది అక్క. అక్కను సింహాద్రిపురం అవతల ఒక ఊరికి ఇచ్చినప్పుడు నేను రెండు రోజులు అన్నం ముట్టలేదట. అది చూసే కాబోలు, నాకు పెళ్ళీడు రాగానే నాయన అదే ఊళ్ళో సంబంధం వెదికాడు. ఇద్దరు బిడ్డలూ ఒకే ఊళ్ళో ఉంటే ఒక్కసారి బండి కట్టుకుని పోయి ఇద్దర్నీ చూసి రావచ్చని ఆయన లెక్క. లెక్క మంచిదే. అప్పటికి ఆ రెండు ఇళ్ళవాళ్ళూ ఒకరి పెళ్ళికి ఒకరు పందిళ్ళు వేసుకునేవాళ్ళు.

నేను కాపురానికి పోయిన మరుసటి ఏడాదే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ప్రెసిడెంటు పదవికి మా మామ నిలబడ్డాడు, అక్క మామ కూడా నిలబడ్డాడు. ఎవరు గెలిచారన్నది ఇప్పుడు ఎవరికీ పట్టదు. ఎన్నికలయ్యాక ఒకరి కసువు వామి తగలబడింది, ఇంకొకరి ఎద్దుల కాళ్ళు విరిగాయి. అప్పటి నుంచి ఊరు రెండయింది. తాగే నీళ్ళకు రెండు బావులు, టీ తాగడానికి రెండు అంగళ్ళు, గడ్డం గీయించుకోవడానికి ఇద్దరు మంగళ్ళు. వీధికి ఈ పక్కవాళ్ళు ఆ పక్క పొయ్యిలో నిప్పు కూడా తెచ్చుకోకూడదు. పండగకు అక్క పుట్టింటికి పోతే నన్ను పంపేవాళ్ళు కాదు, నన్ను పంపితే అక్కను ఆపేసేవాళ్ళు. నాయన ఒకసారి మమ్మల్ని చూడడానికి వచ్చి, ఎవరింట్లో మంచినీళ్ళు తాగినా రెండో ఇంట్లో తప్పవుతుందని ఎవరింట్లోనూ తాగకుండా, ఊరి బయట బండిలోనే కూర్చుని మాకు చెరొక మూట పంపించి వెళ్ళిపోయాడు.

వంక గట్టు ఒక్కటే ఊరికి ఒకటిగా మిగిలింది. వానొస్తే పారి మిగతా ఏడాదంతా ఇసుకగా పడి ఉండే వంక అది. దాని గట్టు మీద సీమ తుమ్మ, తంగేడు దట్టంగా పెరిగి ఉండేవి. మగవాళ్ళు ఆ దిక్కుకు తల కూడా తిప్పరు. తిప్పరు గనక అది ఎవరిదని పంచుకోవడం వాళ్ళకు తోచలేదు. మసక చీకట్లో ఈ పక్కవాళ్ళం ఈ దారినా ఆ పక్కవాళ్ళు ఆ దారినా వచ్చేవాళ్ళం. చాలామంది ఎడమెడంగానే ఉండేవాళ్ళు. అక్కా నేనూ మాత్రం వెనుదిరిగేటప్పుడు వంకలోకి దిగి, ఇసుకలో నిలబడి మాట్లాడుకునేవాళ్ళం.

పెద్ద మాటలేమీ కావు. సంగటి గడ్డలు కట్టకుండా నేను ఎట్లా గెలకాలో, అక్క పెద్దపిల్లకు పళ్ళు వస్తున్నాయో లేదో, ఇట్లాంటివే. చీకట్లో ముఖం కనిపించదు కాబట్టి అక్క నా చెంపలు తడిమి చూసేది. చిక్కిపోయినావని కోప్పడేది. నేను చిక్కలేదు, అయినా ఆ కోపం కోసం రేపటిదాకా ఎదురు చూసేదాన్ని. ఆ కాసేపటి కోసమే నేను ఆ ఊళ్ళో మిగతా రోజంతా గడిపాను అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

ఇదంతా మా అత్తకు తెలుసు. ఆమె నోరు చాలా కరుకు. పొయ్యి దగ్గర నేను చేసిన పని ఏదీ ఆమెకు నచ్చిన గుర్తు లేదు. కానీ గట్టు నుంచి తిరిగి వచ్చేటప్పుడు రోజూ దారిలో ఒక బండ మీద కూలబడి, అటు తిరిగి కూర్చునేది.

"మోకాళ్ళు పట్టుకున్యాయి. నేను ఈడ కూచుంటా, నువ్వు నిదానంగా రా" అనేది.

చేనికి పోయేటప్పుడు అవే మోకాళ్ళకు ఏ నొప్పీ ఉండేది కాదు.

అక్కకు మూడో కాన్పు దగ్గరపడ్డప్పుడు ఒక తెల్లవారుజామున నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. ఇక కొన్నాళ్ళు రాలేనని చెప్పింది.

"బాలింత దినాలు అయిపోతానే వస్తా పాపా. ఆడికీ ఈడికీ చూసి దిగులు పెట్టుకోవాకు" అంది.

ఆడపిల్ల పుట్టిందని మా అత్తే ఎక్కడో విని, బియ్యం చెరుగుతూ నాకు వినబడేటట్టు తనలో తాను అనుకుంది. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. అంతలోనే దండోరా వేశారు.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలు అవి. బ్లాకు ఆఫీసు నుంచి ఒక ఓవర్సీరు జీపులో వచ్చి, ఊరు ఎట్లా పెరగాలో కాగితం మీద గీసి చావడి గోడకు అంటించాడు. ఇళ్ళు ఎక్కడ కట్టుకోవచ్చు, కళ్ళాలు ఎక్కడ ఉండాలి, పేడ దిబ్బలు ఎంత దూరం జరపాలి, పిండి మర ఊరి నడుమ ఉండవచ్చా కూడదా, నడివీధి ఎంత వెడల్పు ఉండాలి, అన్నీ అందులో ఉన్నాయట. ఎవరికి ఏ ఆక్షేపణ ఉన్నా వచ్చే సంతలోపల చెప్పుకోవచ్చని, ఆ తర్వాత సభ పెట్టి ఖాయం చేస్తారని దండోరా. ఊళ్ళో అందరినీ అడిగి చేయడం అనేది మాకు అదే మొదలు. మగవాళ్ళు చావడి ముందు గుంపులు కట్టారు. మా పక్క దిబ్బలు ఎంత జరిపితే ఆ పక్కవీ అంతే జరపాలని మా వాళ్ళు, మర మా పక్క నుంచి తీస్తే మీ పక్క కళ్ళం కూడా తీయాలని వాళ్ళు. పేడ దిబ్బల మీద అంత పౌరుషం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ కాగితంలో వంక గట్టు మీద ఇళ్ళ స్థలాలు గీశారు. ఈ సంగతి మాకు మూడో రోజుకు గానీ తెలియలేదు. వంక పల్లంలో గుడిసెలు వేసుకున్న వాళ్ళు ఉండేవాళ్ళు. గట్టిగా వాన పడితే పిల్లల్ని చంకనేసుకుని ఆ గట్టు మీదికే పరుగెత్తేవాళ్ళు. వాళ్ళకే ఆ స్థలాలు. ఓవర్సీరు చేసింది మంచి పనే, వాళ్ళకు ఇళ్ళు వద్దనడానికి నాకు నోరెక్కడిది? కానీ నా ప్రాణం మాత్రం ఉసూరుమంది. సభ అయిన మర్నాడే కంప కొట్టిస్తారట. అప్పటికి అక్క ఇంకా బయటికి రాదు. వచ్చేసరికి మేము నిలబడడానికి చోటు ఉండదు.

ఆక్షేపణ చెప్పుకోమన్నారు సరే, ఏమని చెప్పుకోవాలి? చావడిలో మగవాళ్ళ ముందుకు పోయి మాకు చాటు పోతాందని ఏ ఆడది అంటుంది? మగవాళ్ళలో ఒక్కరికీ ఈ సంగతి తోచలేదు. తోచినవాడు ఉన్నా సిగ్గుపడి ఊరుకున్నాడేమో. బావి దగ్గర ఆడవాళ్ళు గుసగుసలు పోయారు, అంతే. చివరికి మా అత్తే పూనుకుంది. పొగ రాని పొయ్యి ఎట్లా కట్టుకోవాలో నేర్పడానికి కోస్తా నుంచి వచ్చిన గ్రామసేవిక ఒకామె ఉండేది. చిన్న వయసు, తెల్ల చీర, కాళ్ళకు చెప్పులు. మా మాట ఆమెకు మొరటుగా తోచేది, ఆమె మాట మాకు సాగదీసినట్టు ఉండేది. అత్త ఆమెను పొయ్యి చూపిస్తానని వంటింట్లోకి పిలిచి, సంగతంతా చెప్పింది.

ఆ పిల్ల గట్టిదే. ఓవర్సీరుతో మాట్లాడి వచ్చింది. ఇళ్ళ స్థలాలు మారవు, కానీ ఆడవాళ్ళకు నిలువు బండలతో గోడ పెట్టి మరుగు కట్టించడానికి ఒప్పుకున్నారని, ఎక్కడ కట్టాలో ఆడవాళ్ళనే అడిగి రాసుకొమ్మన్నారని చెప్పింది. నాకు ఆశ పుట్టింది. గట్టు పోతే పోనీ, గోడల నడుమైనా అక్క కనబడుతుంది.

ఆమె మా పక్క ఆడవాళ్ళందరినీ మా ఇంటి నడవలో కూర్చోబెట్టింది. వసారాలో మా మామ, ఇంకా నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. చూపు ఇటు లేదు గానీ చెవులు ఇటే ఉన్నాయి.

"సిగ్గుపడకుండా చెప్పండమ్మా. ఊరి మధ్యలో అందరికీ కలిపి ఒక్కటి చాలా, లేక ఆ చివరొకటి ఈ చివరొకటి రెండు కావాలా?" అని అడిగింది గ్రామసేవిక.

పాపం, ఎంత మామూలుగా అడిగిందో. రెండు కావాలన్న వాళ్ళు చేతులెత్తమంది. వసారాలో మామ దగ్గాడు. అత్త చెయ్యి లేచింది. ఆమె వెనక గాజులు గలగలమంటూ అందరి చేతులూ లేచాయి. ఒకటి చాలన్న వాళ్ళు ఎత్తండంది. అడగవలసిన ధర్మం గనక అడిగింది, ఎవరూ ఎత్తరని ఆమెకూ తెలుసు. నేను ఎత్తాను.

అందరూ నా వైపు తిరిగారు. నేను చెయ్యి దించలేదు. గ్రామసేవిక చూసి, తల ఊపి, సరేనని, ఆ పక్క ఆడవాళ్ళను అడగడానికి వెళ్ళింది. ఆ రాత్రి నా మొగుడు వసారాలో పడుకున్నాడు. మర్నాడు పొయ్యి దగ్గర అత్త నా వైపు చూడకుండా చెప్పింది.

"నేను రెండు అనకపోతే ఒగటి గూడా రాదు. మన మొగోళ్ళ సంగతి నీకింగా తెల్దు. ఆ పక్కోళ్ళ ఆడోళ్ళతో కలిపి మనల్ని ఒగ గోడలోకి పంపుతారా?"

ఆమె అన్నది నిజమే. ఆ నిజం మీద నాకు ఎంత కోపం వచ్చిందో, ఆ పూట సంగటిని గెలకకుండా వదిలేసి అడుగంటించాను.

సభ రోజు చావడి ముందు ఊరంతా చేరింది. నడుమ ఖాళీ వదిలి ఈ పక్క మావాళ్ళు, ఆ పక్క వాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళం మిద్దెల మీద నుంచి చూస్తున్నాం. దిబ్బల సంగతి, మర సంగతి తేలేసరికి పొద్దు వాలింది. అప్పుడు గ్రామసేవిక లేచి, రెండు పక్కలా ఆడవాళ్ళు రెండు మరుగులు కోరారని, ఆ చివరొకటి ఈ చివరొకటి కట్టాలని చెప్పింది. ఓవర్సీరు నవ్వుతూ, ఈ ఊళ్ళో ఒకటి చాలన్న మనిషే లేరా అని అడిగాడు.

"ఉన్నారండీ, ఇద్దరు. ఈ వైపు ఒకామె, ఆ వైపు ఒకామె" అంది ఆ పిల్ల. "ఆ వైపు ఆమె బాలింతరాలు. మంచం మీద పడుకునే చెయ్యెత్తింది."

మొదట మగవాళ్ళు నవ్వారు. తర్వాత ఆ పక్క బాలింత ఎవరో ఒక్కొక్కరికీ తట్టి, రెండు పక్కలా నవ్వు ఆగిపోయింది. మా మామ తల వంచుకుని తువ్వాలు దులుపుకున్నాడు. ఓవర్సీరుకు ఏమీ తెలియదు. ఇద్దరి కోసం ప్లాను మార్చలేం కదా అని, రెండు అని ఖాయం చేసి, వీధి వెడల్పు సంగతికి పోయాడు.

నేను మిద్దె మీద కూలబడ్డాను. అత్త వచ్చి పక్కన కూర్చుని, కొంగుతో నా ముఖం గట్టిగా తుడిచింది. కంప కొట్టేశారు, రెండు కొసలా బండల గోడలు లేచాయి, మళ్ళీ అక్కను నేను చూసింది నాయన పోయినప్పుడు, ఆ ఏడుపుల్లో. అయినా ఆ సాయంత్రం నేను ఏడ్చింది దాని కోసం కాదు. ఒక మాటైనా అనుకోకుండా, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా, అక్క అక్కడ, నేను ఇక్కడ, ఇద్దరం చేతులెత్తాం. అక్కకూ నేను కావాలని నాకు ఆ ఊరంతా వింటుండగా తెలిసింది.