తేదీలు దిద్దిన నోటుపుస్తకం

నేను ఎమ్మిగనూరులో భౌతికశాస్త్రం బోధిస్తాను, కాపురం ఆదోనిలో. ఎవరేం చెప్పినా ఆధారం అడగడం నా అలవాటు. అది సద్గుణమనే చాలాకాలం నమ్మాను.

మార్కెట్ యార్డు దగ్గర పరుపులు కుట్టే ఒక పెద్దాయన దుకాణం ఉంది, ఆయన్ని అందరూ చాచా అంటారు. అర్జెంటీనా, బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్లు ఎప్పుడు తలపడినా ఆయన తేదీ, గోల్సు, గెలుపు ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ రాస్తున్నాడు. పత్తి జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్ళు ఆ జట్ల మీద వాదులాడుకుని తీర్పుకు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. చాచా పుస్తకంలో ఉందంటే ఇక తిరుగులేదు.

ఒక సాయంత్రం తలగడలో దూది మార్పించుకోవడానికి వెళ్ళాను. అప్పుడూ వాదన నడుస్తోంది. ఆయన పుస్తకం తెరవగానే నేను ఫోను తీసి ఆ ఆటల తేదీలు వెతికాను. మొదటి తేదీ కలవలేదు. పది చూస్తే పదీ తప్పే. రుజువుగా ఉంటుందని పేజీలకు ఫోటోలు కూడా తీసుకున్నాను.

"ఒక్క తేదీ సరిగా లేదు. ఇక గోల్సును ఎలా నమ్మాలి?" అన్నాను.

"పేపర్లో సూసి, ఆ పొద్దే రాసినా సార్."

"చూసి రాస్తే తప్పెలా వస్తుంది?"

మిల్లువాళ్ళలో ఒకడు పకపకా నవ్వాడు. "ఏం చాచా, వాళ్ళు ఆడి ఇంటికి పోయినంక నువ్వు మళ్ళా ఆడిస్తాంటివా?"

"గోల్సన్నా వాళ్ళే ఏసినారా, అవీ నువ్వే ఏసినావా?" అన్నాడు ఇంకొకడు.

పెద్దాయన నవ్వబోయాడు గాని, నవ్వు రాలేదు. ఒక అబద్ధాన్ని బయటపెట్టిన తృప్తితో నేను తలగడ చంకన పెట్టుకుని ఇంటికి నడిచాను.

కొన్నాళ్ళకు తరగతిలో, తీగల మందం కొలిచే స్క్రూగేజి పాఠం. కొలతలన్నీ ఒకే వైపు, ఒకే మేరకు తప్పుతుంటే పరికరాన్ని పారేయకూడదని, ఆ తేడా తీసేస్తే అవి సరైన కొలతలేనని చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నేను చూసిన ఆ పది తేదీలూ అసలు తేదీలకు సరిగ్గా రెండేసి రోజుల తర్వాతివి. దక్షిణ అమెరికాలో రాత్రి ఆట మనకు మరునాటి తెల్లవారుజాము. ఆ ఫలితం పేపర్లో అచ్చయి ఆదోని చేరేది ఆ మర్నాడు. ఆయన వేసింది పేపరు తేదీ. ఆ సంగతి ఆయన నాతో చెప్పాడు కూడా. తిరుగుబస్సులో ఫోటోలు తెరిచి, ఆనాడు చూడని గోల్సును సరిచూశాను. ఒక్కటీ తేడా లేదు.

బస్సు దిగి నేరుగా దుకాణానికి వెళ్ళాను. ఆయన ఒంటరిగా కుట్టుకుంటున్నాడు. నేను నోరు తెరిచేలోపే పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. ప్రతి తేదీ కొట్టేసి, పక్కన కొత్తది వేసి ఉంది.

"మనవరాలితో ఫోన్లో సూపించుకొని దిద్దినా సార్. సదువుకున్నోళ్ళు, మీరు సెప్పింది తప్పుంటాదా? ఇప్పుడు సరిపోయినాయేమో సూడండి."

తప్పు నాదేనని వివరంగా చెప్పాను. ఆయన సూది ఆపి విన్నాడు.

"అట్లయితే నేను రాసింది అబద్ధం కాదా సార్?"

"కాదు."

"ఆ మాట వాళ్ళకు గూడా సెప్పండి సార్. ఇప్పుడు ఈడికి ఎవరూ రావడం లేదు."

మిల్లువాళ్ళు ఎదురుగా టీ అంగడి దగ్గరే ఉన్నారు, ఫోన్లు పట్టుకుని వాదించుకుంటూ. ఇరవై అడుగుల దూరం. చెబుతానని ఆయనకు మాటిచ్చి రోడ్డు మీదికి వచ్చాను. వాళ్ళలో ఒకడు నన్ను చూసి, "రాండి సార్, టీ తాగుదురు" అని పిలిచాడు. పనుందని చెప్పి ఇంటివైపు తిరిగాను.