కరివేపాకు పిలక

మా తోటలో మొక్కలు నాటేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. నీళ్లు పోసే దిక్కే లేదు. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము గోదావరి జిల్లా నుంచి వచ్చి రాజధాని శివార్లలో, తూంకుంటలో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. పిల్లలు బడికి వెళ్లాక నాకు బోలెడు తీరిక. శామీర్‌పేట దాటాక రోడ్డుకు లోపలగా, ఇక నయం కాదని పెద్దాసుపత్రులు పంపేసిన క్యాన్సర్ రోగులను చివరిదాకా చూసుకునే చోటు ఒకటి ఉండేది. వారానికి రెండు రోజులు అక్కడికి వెళ్లి తోటపని చేసేదాన్ని. అవసరమైతే రోగుల దగ్గర కూడా కూర్చునేదాన్ని.

అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరైనా పోతే, వాళ్ల ఇంటివాళ్ల చేత తోటలో ఒక మొక్క నాటించి, పక్కన పేరు రాసిన రేకుముక్క గుచ్చేవాళ్లం. ఆదివారం వస్తే తుర్కపల్లి కంపెనీల కుర్రకారు క్యాబుల్లో దిగేవాళ్లు. చేతులకు తొడుగులు, నెత్తిన టోపీలు. గుంతలు తీసి, ఫోటోలు దిగి, సమోసాలు తిని, చేతులు దులుపుకుని పోయేవాళ్లు. మరుసటి ఆదివారం ఇంకో గుంపు, ఇంకో పది గుంతలు. "కొత్తవి వద్దు నాయనా, ఉన్నవాటికి తలా రెండు బకెట్లు పోయండి" అంటే నన్ను గయ్యాళిని చూసినట్టు చూసేవాళ్లు.

కీసర వైపు పల్లె నుంచి ఒక రైతు తన భార్యను తీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. నలభై రోజులు ఆమె మంచం పక్కనే చాపేసుకుని ఉన్నాడు. ఒక రోజు పొద్దున్నే నన్ను ఆపి అడిగాడు.

"బిడ్డా, ఇయ్యాల ఎట్లుంది? ఇంటికాడ బర్రె ఈనేటట్టున్నది. జల్దీ పోయి జూసొస్త."

ఆమెకు ఇవాళో రేపో అని నర్సు అంతకు ముందే నాతో చెప్పింది. నేను మాత్రం "బాగానే ఉంది పెద్దయ్యా, వెళ్లి రండి" అన్నాను. ఆయన రెండు బస్సులు మారి ఇల్లు చేరేలోపే ఆమె పోయింది. ఆయన్ని బాధపెట్టడం ఇష్టం లేక అలా అన్నానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నిజానికి చెప్పే ధైర్యం లేకపోయింది, అంతే.

దినాలు అయ్యాక ఆయన తడి గోనెలో చుట్టి ఒక కరివేపాకు పిలక తెచ్చాడు. వాళ్ల వైపు కల్యమాకు అంటారు. అందరూ గన్నేరో మందారమో నాటుతారు. ఇదేమిటని అడిగితే, "మా ఇంటామె పెట్టిన చెట్టు. దాని పిలక ఇది" అన్నాడు. నెలకోసారి వచ్చి దాని ముందు గొంతుక్కూర్చుని, రెండు బీడీలు కాల్చుకుని వెళ్లేవాడు.

ఆ ఎండాకాలం బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్లు వార్డులకీ వంటకీ చాలేవి కావు. వంటింట్లో బియ్యం కడిగిన నీళ్లు మోసి పోశాను, ఎన్నని పోయను? గుంపులు గుంపులుగా నాటిపోయిన మహానుభావుల్లో ఒక్కడు కూడా ఆ రెండు నెలలూ ఇటు తొంగిచూడలేదు. మొక్కలు వరసగా మాడిపోయాయి. కరివేపాకు కూడా పోయింది.

తోట చూసుకునేది ఒక రిటైరైన ఇంజనీరు గారు. వానలు పడగానే ఆయన నర్సరీకి వెళ్లి చచ్చినవాటికి సరిజోడు మొక్కలు తెప్పించాడు. రేకులు అలాగే ఉంచి మొక్కలు మార్చేద్దాం అన్నాడు.

"ఇప్పటికే పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్లండీ. మళ్లీ ఎందుకు కెలకడం?"

నేను తలూపాను. కరివేపాకును నేనే తీశాను. లాగితే రాలేదు. ఎండిపోయిన మొక్కకు ఇంత మొండితనమేమిటని విసుక్కుంటూ గునపం వేసి పెళ్లగించాను.

రెండు వారాలకు పెద్దయ్య వచ్చాడు. ఎప్పటిలాగే కూర్చున్నాడు. ఒక రెబ్బ తుంచి, అరచేతిలో నలిపి వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"గిది నేను తెచ్చింది గాదు."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను కానీ, చివరికి చచ్చిపోయిందని ఒప్పుకున్నాను.

"సచ్చిందని చెప్తే నేనేమన్న కొట్లాటకొస్తునా? ఇంటికాడ మస్తు పిలకలున్నయి. ఒక్క మాటంటే తెస్తుంటి." నా మొహంలోకి చూసి అన్నాడు. "అప్పుడు గూడ గంతే జేస్తివి బిడ్డా. మంచిగనే ఉన్నదంటివి."

గట్టిగా తిట్టినా బాగుండేది.

మరుసటి వారం ఆయన ఇంకో పిలక తెచ్చి తన చేత్తో నాటాడు. వాళ్ల ఊరి కిరాణా కొట్టు ఫోన్ నంబరు నా చేత రాయించాడు. "ఇది సస్తే సచ్చిందని చెప్పాలె" అన్నాడు. మాటిచ్చాను.

ఏడాదంతా దాన్ని కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నాను. మే నెలలో చెల్లెలి కూతురి పెళ్లికని రెండు వారాలు ఊరెళ్లాల్సి వచ్చింది. ఒక్కొక్కరికీ పేరుపేరునా చెప్పి, గోడ మీద కాగితం అతికించి మరీ వెళ్లాను. తిరిగొచ్చేసరికి కాగితం ఉంది, మొక్క కట్టెపుల్లయింది. కోపంతో ఏడుపొచ్చింది. ఇంజనీరు గారు అప్పటికే నల్ల కవరులో కొత్త మొక్క పట్టుకుని నిలబడ్డాడు.

"వద్దండీ" అని ఆఫీసు గదిలోకి వెళ్లి కిరాణా కొట్టుకు ఫోన్ చేశాను. కొట్టతను పెద్దయ్యను పిలుచుకు వచ్చేదాకా రిసీవరు పట్టుకునే ఉన్నాను.

"పెద్దయ్యా, మొక్క చచ్చిపోయింది. నేను ఊళ్లో లేను. ఎవరూ నీళ్లు పోయలేదు."

కొట్లో ఎవరో పావుకిలో చక్కెర అడగడం వినపడుతోంది.

"మొత్తం ఎండిందా?"

"మొత్తం ఎండింది."

"ఏరు పీకిండ్రా?"

"లేదు. వేరు అలాగే ఉంది."

"ఇగ దాన్ని ముట్టకున్రి. కల్యమాకు మీద ఎండుతది గని, కింద ఏరు బతికే ఉంటది. నీళ్లు పడితే మల్ల లేస్తది. పైలం బిడ్డా, నేనొస్తున్న" అన్నాడు. ఆ గొంతులో సంతోషం.

ఫోన్ పెట్టేశాను. నిరుడు లాగితే రాని మొక్కను నేను గునపంతో వేరుతో సహా పెళ్లగించిన సంగతి ఆయనకు తెలియదు. ఆ మధ్యాహ్నం వస్తే చెప్పాలనుకున్నాను. వచ్చాడు, బకెట్టుతో నీళ్లు పోసి, నాకు దండం పెట్టాడు. నేను చెప్పలేదు.