వసారాలో వెలిగిన అద్దం

మొన్న మా రేపల్లె వీధిలోకి పాత సామాన్లు కొనే బండి వచ్చినప్పుడు కోడలు అటక మీది సరుకంతా దించి, అందులోంచి వెనక చిన్న బోర్డు బిగించి ఉన్న కంప్యూటర్ మానిటర్ అద్దాన్ని ఎత్తి చూపించి, "ఇది కూడా వేసేయమంటారా అత్తయ్యా?" అని అడిగింది. వేసేయమ్మా అన్నాను. ఎప్పుడో పనిచేయడం మానేసిన వస్తువు, అటక మీద బల్లులకు తప్ప ఎవరికి ఉపయోగం? కానీ బండి మలుపు తిరిగిపోయాక నాకు అన్నం సయించలేదు.

నేను బడి మెట్లెక్కినదాన్ని కాను. బాపట్ల దగ్గర మా పుట్టింట్లో అమ్మానాన్నలు పొలానికి వెళితే తమ్ముళ్లను ఎత్తుకునే మనిషి నేనొక్కదాన్నే. పెళ్లయి వచ్చాక మా అత్తగారు నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టుకుని బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించారు. కూర మాడితే మాడింది గుణింతం తప్పకూడదనేవారు, ఆ మాట మీద మా ఇంట్లో ఎన్ని కూరలు మాడాయో చెప్పలేను. ఈరోజు దేవుని వాక్యం నా కళ్లతో నేను చదువుకుంటున్నానంటే, ఇలా నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తల్లి పెట్టిన భిక్షే.

అలాంటి మనిషికి చూపు మసకబారింది. తెనాలిలో కంటి డాక్టరుగారు చూసి, ఇది ఆపరేషన్‌తో బాగయ్యేది కాదు, ఉన్న చూపు ఎన్నాళ్లుంటుందో కూడా చెప్పలేమన్నారు. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకున్నా అక్షరం దొరికేది కాదు. నేను చదివి వినిపిస్తే వినేవారు గానీ, వింటూ వింటూనే చెయ్యి చాపి పేజీని తడిమేవారు. ఆ చెయ్యి చూస్తూ చదువుతుంటే నాకు వరస తప్పేది.

మా వారిది మైకు సెట్టు వ్యాపారం. పెళ్లిళ్లకూ పేరంటాలకూ మైకులు, సీరియల్ లైట్లు అద్దెకిచ్చేవారు. బాపట్లలో ఒక కంప్యూటర్ సెంటర్ మూసేస్తుంటే, పైడొప్ప పగిలి, లోపలి కరెంటు బోర్డు కాలిపోయిన మానిటర్ ఒకటి ఆయన కంటబడింది. అద్దం మాత్రం బాగుందట. దాన్ని తెనాలి తీసుకెళ్లి వెనక ఒక చిన్న బోర్డు పెట్టించారు. పన్నెండు వోల్టుల అడాప్టర్ ఇచ్చి పెన్ డ్రైవ్ గుచ్చితే అందులోని పేజీలు అద్దం మీద కనబడతాయి. కీర్తనలన్నీ డీటీపీ కొట్లో జామకాయలంత అక్షరాలతో చేయించాం. అమ్మ మళ్లీ చదువుతుందన్న ఆశ ఆయనకు నాకంటే ఎక్కువ, పైకి చెప్పేవారు కాదు గానీ.

అత్తగారి మంచం వసారాలో. ప్లగ్గు నడింట్లో. పెద్ద కరెంటు తల్లి మంచం దగ్గరికి రాకూడదని ఆయన పట్టుదల. అందుకని అడాప్టర్‌ను నడింట్లోనే ఉంచి, దాని చివరి వైరు కోసి, అంతకుముందు క్రిస్మస్‌కు ఇంటి మీద స్టారుకు వాడిన సన్న వైరును అతికి వసారా దాకా లాగారు. మైకు వాళ్లకు అది అలవాటైన పనే. అలాంటి సన్న వైరే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు లాగి హారన్లు కడితే వాక్యం స్పష్టంగా వినబడేది కదా.

స్విచ్చి వేశాం. అద్దం తెల్లగా ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. ఆయన అతుకులు విప్పి మళ్లీ వేశారు, ఎరుపూ నలుపూ తారుమారయ్యాయేమోనని చూశారు. టార్చి తెచ్చి అద్దం మీద ఏటవాలుగా వేస్తే లోపల అక్షరాలు నీళ్లలో చేపల్లా మసగ్గా కనిపించాయి. బొమ్మ వస్తోంది, వెనక వెలుతురే నిలవడం లేదు. మీటరు పెట్టి వైరు చివర కొలిస్తే పన్నెండూ నిండుగా చూపించింది. రెండు రోజులు అలా కుస్తీ పట్టి, వెలుతురు పట్టీ పోయినట్టుంది, ఇక తెనాలి కొట్లోనే ఇచ్చేద్దామని అద్దాన్ని గుడ్డలో చుట్టబోయారు.

అత్తగారు మంచం మీంచి, "ఏంట్రా, మీటరులో నిండుగా ఉందంటన్నావు, అద్దంలో లేదంటన్నావు?" అన్నారు.

"అదేనమ్మా అర్థం కావట్లేదు."

"మన నగరం ఊరి పొలాలకి ఇంతేగా. తూము తలుపు దించి ఉన్నప్పుడు చూస్తే కాలవ నిండే ఉంటది. ఎత్తాక చివరోళ్లకి తడి కూడా రాదు."

ఆవిడ ఎగతాళికే అన్నారు. పుట్టి పెరిగింది కాలవ చివరి పొలాల్లో, నీటి మీద కోపం ఆవిడకు ఎప్పటికీ పోలేదు. నాకు మాత్రం ఎందుకో ఆ మాట పట్టుకుంది. "ఏవండీ, మీరు కొలిచింది అద్దానికి తగిలించకుండా కదా, తగిలించి కొలిచారా?" అన్నాను. ఆయన నావైపు చూసి, వైరు తగిలించి, స్విచ్చి వేయించి, అద్దం మెరిసిన ఆ ఒక్క క్షణంలో మీటరు ముల్లు చూశారు. తొమ్మిదికి పడిపోయింది.

"హారన్ల వైరులో కరెంటు తక్కువ పారుద్ది, దాని లెక్క వేరు," అని నుదురు కొట్టుకున్నారు. "బ్యాటరీ నుంచి మైకు మిషనుకు నేనే లావు వైరు వేస్తాను, సన్నది వేస్తే పాట మధ్యలో ఆగిపోద్దని. ఇదీ ఆ పన్నెండు వోల్టులే, ఇక్కడెందుకు మరిచానో."

"కాలవ నీదైతే గదరా గుర్తుండేది," అన్నారు అత్తగారు.

స్టారు వైరు తీసేసి బ్యాటరీకి వాడే లావు వైరు వేశారు. ఈసారి అద్దం వెలిగి, వెలుగుతూనే ఉండిపోయింది. అత్తగారు మంచం అంచుకు జరిగి, అద్దం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ మొదలుపెట్టారు, అచ్చంగా పొయ్యి ముందు ఒకప్పుడు నేను చదివినట్టే. మొదటి వాక్యం పూర్తయ్యేసరికి మా వారు వైర్లు సర్దే నెపంతో పెరట్లోకి వెళ్లిపోయారు.

ఆ చూపు మరో రెండు వానాకాలాలు నిలిచింది. దేవుని దయ. సాయంత్రం అద్దం వెలిగితే గుక్క తిప్పుకోని ఆ చదువు వీధి గుమ్మం దాకా వినబడేది, తప్పు చదివితే వంటింట్లోంచి నేనూ, నేను తప్పు దిద్దితే పెరట్లోంచి మా వారూ అందుకునేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో ఎవరి ఫోను వారిది, అక్షరం ఆనకపోతే రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటాం. నా కళ్లకూ అదే ఆధారం, అందుకు స్తోత్రమే చెప్పుకుంటాను. అయితే అందరం ఎవరి మూలన వాళ్లం పెదవి కదపకుండా చదువుకుంటున్నాం, మా ఇంట్లో ఒకరి చదువులో తప్పును ఇంకొకరు దిద్ది ఎన్నాళ్లయిందో.