ఒక్కొక్కటక్క సుద్దగీత

బట్టల ఫ్యాక్టరీలో మిషన్ మెకానిక్ అంటే మగవాడే అయివుంటాడని అనుకునేవాళ్ళను ఒకసారి ఆ రెండో అంతస్తుకు తీసుకెళ్ళి నిలబెట్టాలి. రెండు వందల పది కుట్టుమిషన్లకు అక్కడ ఆమె ఒక్కతే దిక్కు. ఏప్రాన్ జేబులో రెండు స్క్రూడ్రైవర్లు, చెవి వెనక సుద్దముక్క. ఫ్యాక్టరీలో, వీధిలో, చివరికి ఇంట్లో కూడా ఆమెను ఒక్కొక్కటక్క అనే పిలుస్తారు.

వెక్కిరింపుగా మొదలైన పేరే అది. కుట్టు తప్పుతోందని ఏ మిషన్ దగ్గరికైనా పిలిస్తే, వేరే అంతస్తుల మెకానిక్కులు సూది మార్చి, దారం మార్చి, దారం బిగువు చూసే టెన్షన్ స్క్రూ తిప్పి, అన్నీ ఒకే ఊపులో కానిచ్చేస్తారు. మిషన్ నడుస్తుంది. ఎందుకు నడిచిందో మాత్రం ఎవరికీ తెలియదు కాబట్టి వారం తిరక్కుండా మళ్ళీ మొరాయిస్తుంది. ఈమె అలా కాదు. స్క్రూ మీద చెయ్యి వేసేముందు అది ఎక్కడుందో సుద్దతో గీత గీస్తుంది. కొంచెం తిప్పి, జానెడు గుడ్డ కుట్టి చూస్తుంది. బాగుపడకపోతే దాన్ని మళ్ళీ గీత దగ్గరికే తెచ్చి, అప్పుడు రెండోదాని జోలికి వెళుతుంది. పక్కన సూపర్‌వైజర్ వాచీ చూసుకుంటూ పళ్ళు నూరుతుంటే, తల ఎత్తకుండానే "ఒక్కొక్కటి, ఒక్కొక్కటి" అంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే మాట. ఆమె చెయ్యి పడిన మిషన్ అదే జబ్బుతో మళ్ళీ పిలవదని తెలిసి ఆ సూపర్‌వైజర్లు కూడా నోరు మూసుకుంటారు.

అలాంటి మనిషికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే పని తగిలింది. ఈసారి చెడింది మిషన్ కాదు, కంప్యూటర్లో ఒక పేజీ.

ఆమె తోటికోడలు ఆసుపత్రిలో నర్సు. పదిహేనేళ్ళు వార్డుల్లో తిరిగిన మనిషికి నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పాలని కోరిక. ఆ ఉద్యోగానికి నలభై దాటితే తీసుకోరు, ఆమెకు వచ్చే నెలతో నలభై నిండుతాయి. దరఖాస్తుతోపాటు, తాను చూసిన పన్నెండు మంది రోగుల సంగతి రాసి, ఒక్కొక్కరి దగ్గర ఏం నేర్చుకుందో చెప్పాలి. పదిహేడు రోజులపాటు, డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని, దరఖాస్తు పెట్టే సైటులో ఇచ్చిన గళ్ళలోనే నేరుగా టైపు చేసింది. వేరే చోట ఒక కాపీ ఉంచుకుందామన్న ఆలోచన ఆ ఇంట్లో ఏ బుర్రకూ తట్టలేదు. ఆఖరి గడువు ఆ ఆదివారం సాయంత్రం అయిదు గంటలు.

రెండు గంటలకు తెరిచి చూస్తే పేజీ పేజీలా లేదు. అక్షరాలన్నీ ఎడమవైపు కుప్పపడ్డాయి. రాసిన గళ్ళు కనిపించడం లేదు, పంపే బటనూ లేదు. నర్సు కెవ్వున కేకేసింది.

ముందుగా పరిగెత్తుకొచ్చింది ఆమె భర్త, అంటే మన ఒక్కొక్కటక్కకు మరిది. కంప్యూటర్లు అమ్మే దుకాణంలో పని చేస్తాడు కాబట్టి ఇంట్లో ఆ శాఖ తనదేనని అతని నమ్మకం. ఇదెంత పని, బ్రౌజరులో పేరుకుపోయిన చెత్తంతా ఒక్క దెబ్బకు తుడిచేస్తే సరి అంటూ మౌసు పట్టుకున్నాడు. అప్పటికి వదినగారు వంటింటి గుమ్మంలో తడిచేతులు తుడుచుకుంటోంది. వచ్చి అతని చేతి మీద తన చెయ్యి వేసింది.

"ఆగు. ఏం తుడుస్తున్నావో తెలుసా?"

"అన్నీ వదినా. మా షాపులో అందరికీ అదే చెప్తాం."

అదే ఆమెకు నచ్చలేదు. మిషన్ దగ్గరికి వెళ్ళగానే ఆమె మొదట చేసేది చూడడం, ముట్టుకోవడం కాదు. చెదిరిపోయిన ఆ పేజీని మెల్లగా కిందిదాకా జరుపుకుంటూ చదివింది. ఎవరూ చదవని సన్నక్షరాల్లో అట్టడుగున ఒక వాక్యం ఉంది: పూర్తికాని దరఖాస్తు మీరు వాడుతున్న ఈ బ్రౌజరులోనే దాచబడుతుంది. మరిది దాన్ని రెండుసార్లు చదివాడు. మౌసు మీంచి చెయ్యి తనంతట తానే తీసేశాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కంప్యూటర్ల గురించి ఆమెకు తెలిసింది తక్కువే, ఆ మాట దాచుకోదు కూడా. చెడిపోయినవాటి గురించి మాత్రం చాలా తెలుసు. ఇంట్లో ఉన్నా చెవి వెనకే ఉండే సుద్దముక్క తీసి, పక్కనున్న బీరువా తలుపు మీద చూడాల్సినవాటికి ఒక్కో గీత కొట్టింది. ముందు అదే సైటును ఇంకో బ్రౌజరులో తెరవమంది. పేజీ చక్కగా వచ్చింది, గళ్ళన్నీ ఖాళీ. నర్సు ఏడుపు మొహం పెట్టింది. అది వేరే గది, నీ సామాను పక్కగదిలో భద్రంగా ఉంది అని ఆమెకు చెప్పి, సైటు బాగుంది, నెట్ బాగుంది అని తలుపు మీద రెండు టిక్కులు పెట్టింది. తర్వాత మొరాయించిన బ్రౌజరులోనే, మరిదిని అడిగి, పాతవేవీ గుర్తుంచుకోని, అదనంగా తగిలించినవేవీ పనిచేయని ప్రైవేటు విండో ఒకటి తెరిపించింది. అందులోనూ పేజీ బాగానే వచ్చింది. అంటే బ్రౌజరు కూడా మంచిదే. దానికి తగిలించినవాటిలోనో, అది గుర్తుపెట్టుకున్నవాటిలోనో ఉంది తిరకాసు.

"దీనికి తగిలించినవి ఏమున్నాయి? మా మిషన్లకు అటాచ్‌మెంట్లు ఉంటాయే, అలాంటివి."

ఉన్నాయి, వాటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు అన్నాడు మరిది. జాబితా తీస్తే నాలుగు తేలాయి. అన్నీ ఒక్కసారే ఆపేద్దాం, మీనమేషాలు లెక్కపెట్టే టైము కాదు అని అతని తొందర. గోడ మీద మూడూ ఇరవై అయింది. అతని తొందరలో తప్పు లేదు, అయినా ఆమె ఒప్పుకోలేదు. గుర్తుపెట్టుకున్నవాటిని తుడిస్తే రాసింది పోతుంది, తగిలించినదాన్ని ఆపితే ఏమీ పోదు, కాబట్టి ఇదే ముందు, అదీ ఒక్కొక్కటే అంది.

మొదటిది ప్రకటనలు రాకుండా ఆపేది. మరిది పెట్టిందే. దొంగ అదేనని ఆమె మనసులో ఎప్పుడో తీర్పు ఇచ్చేసింది. నిజం చెప్పాలంటే అదే అయితే బాగుండునని ఆశపడింది కూడా, ఎందుకంటే ఈ మరిదిగారు ఇంట్లో ప్రతి వస్తువులోనూ వేలు పెడతారని ఆమెకు ఎప్పటినుంచో కినుక. ఆపి, పేజీ మళ్ళీ తెరిచారు. మార్పు లేదు. బుద్ధిగా దాన్ని మళ్ళీ పెట్టించింది. రెండోది మాటలకు అర్థాలు చూపేది. అదీ కాదు. మూడోదాని పేరు చూసేసరికి ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దాన్నీ ఆపి, పేజీ మళ్ళీ తెరిచింది. పేజీ లేచి నిటారుగా కూర్చుంది. పన్నెండు గళ్ళు, పన్నెండింట్లోనూ రాత, కింద పంపే బటన్.

నర్సు తెర మీద వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టుకుంది. మరిది నోరు తెరిచేలోగా ఒక్కొక్కటక్క అతనివైపు తిరిగింది.

"ఇది నేను పెట్టిందే. రెండు నెలలయింది. డ్యూటీనుంచి వచ్చి సన్నక్షరాలు చదవలేక కళ్ళు నులుముకుంటోందని, అక్షరాలు పెద్దవి చేసేది వెతికి పెట్టి మరిచిపోయాను. ఎవరికీ చెప్పలేదు. గీత కూడా గీయలేదు."

నిన్నటిదాకా అది సైటుతో ఎలాగో సర్దుకుపోయింది. కొత్త రూపం మీకోసం అని పేజీ నెత్తిన ఒక పట్టీ కనిపిస్తోంది చూడండి, ఆ ముస్తాబు రాత్రికి రాత్రే జరిగినట్టుంది. కొత్త పేజీకీ పాత తగిలింపుకీ పొసగలేదు. అయినా ఆమె ఆ సాకు చెప్పుకోలేదు.

దెప్పడానికి మరిదికి ఇంతకంటే మంచి అవకాశం జన్మలో రాదు. అతనికి మాత్రం వేరే ఆలోచన వచ్చి మొహం పాలిపోయింది.

"వదినా, ఇందాక నేను తుడిచేసి ఉంటే?"

"తుడవలేదుగా. నడువు, పంపుదాం."

పంపేముందు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఎవరైనా చూడాలి. తాను రాసినదాంట్లో తప్పులు తనకు కనిపించవని నర్సు అక్కనే చదవమంది. ఆమె ఒక్కో గడిలోని మొదటి వాక్యమూ, చివరి వాక్యమూ చదువుకుంటూ వెళ్ళింది. పన్నెండోదాని దగ్గర మాత్రం మొత్తం చదివింది. ఒక రోగికి మందు ఎక్కించే పంపు ఆపకుండా మోగుతోందట. కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు కంగారులో సీసా, గొట్టం, పంపు అన్నీ కలిపి మార్చబోయారట. నర్సు వాళ్ళను ఆపి, ముందు మంచం మీది మనిషిని చూడమని, ఆ తర్వాత ఒక్కొక్కటే చూసుకుంటూ రమ్మందట. గొట్టం ఆయన మోచేతి కింద నలిగి ఉందట. చివర ఇలా ఉంది: "ఈ పద్ధతి నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. మా ఇంట్లో కుట్టుమిషన్లు బాగుచేసే మా అక్క దగ్గర నేర్చుకున్నాను. ఈ ఉద్యోగం వస్తే మొదటి రోజు మొదటి పాఠం ఇదే చెబుతాను."

పంతొమ్మిదేళ్ళుగా జనం నవ్వుతూ పిలిచిన పేరు అది. దాన్నొకరు పాఠంగా రాసి పెట్టుకుంటారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కళ్ళు నిండాయి, దాచుకోలేదు కూడా. పక్కన తోటికోడలు సిగ్గుపడి కుర్చీ అంచు గోటితో గీకుతూ కూర్చుంది.

నాలుగూ పదికి బటన్ నొక్కారు. దరఖాస్తు అందింది అని నంబరుతో సహా తెర మీద పడింది. ఈసారి మరిది ఎవరూ చెప్పకుండానే ఆ నంబరును కాగితం మీద రాసుకున్నాడు, ఫోనుతో ఫోటో కూడా తీశాడు.

ఒక్కొక్కటక్క లేచి, చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ మూడోదాన్ని మళ్ళీ పెట్టేయమంది, లేకపోతే రేపటినుంచి తోటికోడలి కళ్ళు మళ్ళీ మంటలే అంది. చెవి వెనకనుంచి సుద్దముక్క తీసి మరిది చేతిలో పెట్టింది. అతను ముందు బీరువా తలుపు మీద తేదీ వేసి, ఏం పెడుతున్నాడో దాని పక్కనే రాసి, కింద గీత గీసి, అప్పుడు మౌసు పట్టుకున్నాడు.