పన్నెండేళ్ళ లైన్‌మన్‌కి యూనీ సీటు

సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇంటి వెనక ఒక ఆటస్థలం ఉంది. అటు వెళ్ళాల్సి వస్తే నేను ఇప్పటికీ టోపీని కనుబొమల దాకా లాక్కుని, తల దించుకుని నడుస్తాను. అక్కడ దొంగతనమేమీ చెయ్యలేదు. అంతకంటే ఘోరం చేశాను. ఊరంతా చూస్తుండగా నోరు తెరిచాను. ఇంట్లో అందరూ నిద్రపోయారు, డిష్‌వాషర్ ఒక్కటే గురక పెడుతోంది. తెల్లవారితే నాకు ఈ ధైర్యం ఉండదు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను.

మా అబ్బాయి విహాన్ ముద్దుపేరు చిన్ను. ఆ పేరు పెట్టిననాడు వాడు చిన్నగానే ఉండేవాడు. ఇయర్ సెవెన్‌లో చేరేసరికి, అంటే పన్నెండేళ్ళకే, వాడి పక్కన నిలబడితే నేను వాడి చెల్లెలిలా కనిపించేదాన్ని. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మావాడు మొక్కగా ఉండగానే మానైపోయాడు. మార్కులు మాత్రం సిడ్నీ చలికి కుండీలో కరివేపాకు మొక్కలా ఉన్నచోటే ఉండేవి. రిపోర్టులో టీచర్లు "విహాన్ క్లాసులో ఉండటమే మాకు ఆనందం" అని రాసేవారు. మార్కుల గురించి చెప్పడానికి ఏమీ లేనప్పుడు రాసే మాట అది. చదివిన ప్రతిసారీ మా ఆయన దగ్గరికి పరిగెత్తేదాన్ని.

"వీడేమైపోతాడండీ?" అని అడిగితే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఏదో ఒకటి అవుతాడులే" అనేవారు.

"ఆ ఏదో ఒకటి ఏదో చెప్పండి!"

"అదే తెలిస్తే నేనే అయ్యుండేవాణ్ణిగా."

అలాంటి రోజుల్లో గ్రెగ్ వచ్చాడు. ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే ఏ ఆటో అడిగి తెలుసుకోవాలి, వీధికో రకం ఉంటుంది. గ్రెగ్‌ది వాటిలో ఏదీ కాదు, అమెరికావాళ్ళ ఫుట్‌బాల్. కుర్రతనంలో అక్కడి కాలేజీలో ఆడి, మోకాలు పాడుచేసుకుని తిరిగొచ్చి, హైస్కూలు పిల్లలకి సాయంత్రాలు నేర్పుతున్నాడు. చిన్నుని చూడగానే "లైన్‌మన్!" అన్నాడట. లైన్‌మన్ పని చాలా సులువు. బంతి పట్టుకున్నవాడి ముందు గోడలా నిలబడి, మీదికొచ్చేవాళ్ళని ఆపాలి. బంతి మాత్రం చేతికి రాదు. పెళ్ళిలో బంతి వడ్డించేవాడి బతుకే, బంతి మారిందంతే.

ఓ సాయంత్రం ప్రాక్టీసు చూడ్డానికి వెళ్ళాను. గాలి హోరుమంటోంది. గ్రెగ్ చేతులు కట్టుకుని చిన్నునే చూస్తూ, పక్కనున్న ఇంకో కుర్రాడి నాన్నతో అన్నాడు.

"జీజ్! బిగ్ యూనీ, దట్ కిడ్!"

నేను అక్కడే శిలనైపోయాను. యూనీ అంటే ఇక్కడ యూనివర్సిటీ. బిగ్ యూనీ అంటే పెద్ద యూనివర్సిటీ! అన్నది ఎవరు? అమెరికా కాలేజీలో ఆడి వచ్చినవాడు! క్లాసులో ఉండటమే ఆనందమైన నా కొడుకుని చూసి!

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను.

"పన్నెండేళ్ళవాడికి యూనీ ఏంటే? వాడికింకా షూలేసు కట్టుకోవడం రాదు."

"మీకు తెలీదు. అమెరికాలో చిన్నప్పుడే కనిపెట్టేస్తారట. చేతులూ కాళ్ళూ చూసి చెప్పేస్తారట."

"జాతకమా?"

"పొటెన్షియల్ అండీ!"

ఆ రోజునుంచీ పొటెన్షియల్ లెక్కగట్టే పని నేనే తీసుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, శాస్త్రీయంగా వెళ్ళాను. వాడు కార్న్‌ఫ్లేక్స్ తింటుంటే టేపు పెట్టి మణికట్టు కొలిచాను. పాదం కొలిచాను. భుజాలు కొలిచాను. సంతలో కోడెదూడని బేరమాడేవాళ్ళు కూడా పళ్ళు చూసి ఊరుకుంటారు, నేను వాణ్ణి గోడకి ఆనించి కొలిచి, అటూ ఇటూ నడిపించి మరీ చూశాను.

"మమ్, వాట్ ఆర్ యూ డూయింగ్?"

"ఏం లేదు నాన్నా, నువ్వు తిను. ఇంకో రెండు గుడ్లు వెయ్యనా?"

వంశంలో ఎత్తు ఎంతదాకా పోయిందో తెలుసుకోవాలని తెనాలిలో మా అత్తగారికి ఫోన్ చేశాను.

"అత్తయ్యా, మావయ్యగారి నాన్నగారు ఎంత పొడుగుండేవారు?"

"ఇప్పుడాయన పొడుగు నీకెందుకే అమ్మాయ్? పెళ్ళిలో పందిరి వాసానికి తల కొట్టుకున్నారని చెప్పేవాళ్ళు. ఏం?"

"మన చిన్ను లైన్‌మన్ అయ్యాడు."

ఆవిడ కంగారుగా అరిచారు. "చదువాపేశారా?"

"అయ్యో, లేదు అత్తయ్యా..."

"పసివాణ్ణి స్తంభం ఎక్కిస్తున్నారా? కరెంటుతో చెలగాటమేంటే? వానాకాలం ఎక్కద్దని చెప్పు. చేతికి రబ్బరు తొడుగులన్నా ఇస్తారా లేదా?"

అది కరెంటు ఉద్యోగం కాదని, ఆటని, ఆ ఆటతో పెద్ద యూనివర్సిటీలో సీటొస్తుందని నమ్మించేసరికి నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. "సీటొస్తే సరే, కానీ స్తంభం మాత్రం వద్దు" అన్నది ఆవిడ ఆఖరి మాట.

గురువారం లెక్కల ట్యూషనూ ప్రాక్టీసూ ఒకే వేళకి పడ్డాయి. ట్యూషన్ మాన్పించేశాను. నా జన్మలో నేను లెక్కల ట్యూషన్ మాన్పించడం! ఎందుకు మాన్పించానో రెండు వీధుల అవతలుండే సరోజ ఆంటీకి చెప్పాను. ఆవిడ యూనీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడకి చెప్పడమంటే మైకులో చెప్పడమే. వారం తిరక్కుండా ఇండియన్ గ్రాసరీ షాపులో ఎవరో, "మీ బాబుకి అమెరికాలో సీటట కదా!" అన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నా దగ్గర కొడుకున్నాడు, పేరుంది. లేనిది సీటొక్కటే.

"ఇంతకీ ఏ యూనీ?" అంది సరోజ ఆంటీ.

"పెద్దదే ఆంటీ. పేరు చెప్పలేదు."

"అడగాలమ్మా! సీజన్ అయిపోతే వాళ్ళు చేతికి దొరకరు."

సీజన్ చివర ఆ ఆటస్థలంలోనే బార్బీ, అంటే బార్బెక్యూ, పెట్టారు. అందరూ సాసేజీలు కాలుస్తుంటే నేను పులిహోర, గారెలు పట్టుకుని చీరలో వెళ్ళాను. కోచ్ ఎదుట చీర కట్టుకుంటే విషయం గంభీరంగా ఉంటుందని. గ్రెగ్ రెండో గారె కొరికే దాకా ఓపికపట్టాను.

"గ్రెగ్, విచ్ యూనీ వర్ యూ థింకింగ్ ఆఫ్?"

"సారీ?"

"ఫర్ విహాన్. ది బిగ్ యూనీ."

గ్రెగ్ గారెని పళ్ళెంలో పెట్టాడు. "వాట్ బిగ్ యూనీ?"

"యూ సెడ్! దట్ డే! బిగ్ యూనీ, దట్ కిడ్!" చెయ్యెత్తి, ఆయన చేతులు కట్టుకున్న తీరుతో సహా నటించి చూపించాను. నా గొంతు సహజంగానే పెద్దది. సాసేజీలు తిప్పేవాళ్ళు తిప్పడం ఆపేశారు.

గ్రెగ్ మొహం ముందు తెల్లబోయింది, తరవాత ఎర్రబడింది. "యూనిట్, లవ్. ఐ సెడ్ యూనిట్. బిగ్ యూనిట్."

నాకింకా అర్థం కాలేదు. చిన్ను తన టోపీలోకి పూర్తిగా కూరుకుపోయి, నా చీర కొంగు లాగి, తెలుగులో మాట్లాడాడు. ఇంటి బయట వాడు తెలుగు మాట్లాడటం నేను విన్నది అదే మొదటిసారి.

"అమ్మా, యూనిట్ అంటే లావుగా, పెద్దగా ఉన్నోడు. ఫ్రిజ్ లాగా."

నవ్వు కొన్ని గజాల అవతల మొదలై, మా దాకా అలలా వచ్చి, మా ఆయన్ని కూడా తనలో కలుపుకుని పోయింది. పరువు ఎలాగూ పోయింది, కనీసం ప్రశ్నైనా మిగలకూడదనుకున్నాను.

"పోనీ, కాలేజ్ పొటెన్షియల్ ఉందా వీడికి?"

గ్రెగ్ నవ్వు ఆపుకుని నిజాయితీగా ఆలోచించాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది ఇదీ. "వాడు మంచోడు. కానీ ఒక్కటి అడగాలి. అవతలివాడి కాలు తొక్కితే మావాళ్ళు ఇంకా గట్టిగా తోస్తారు. మీవాడు ఆట మధ్యలో ఆగి, వంగి, వాణ్ణి ముట్టుకుని, చేతిని కళ్ళకి అద్దుకుంటాడు. ఈలోపు అవతలి జట్టువాళ్ళు మీవాడి పక్కనించి వెళ్ళిపోయి మా బంతి పట్టుకున్నవాణ్ణి నేలకి కొడతారు. ప్రతిసారీ. ఏంటది?"

మా ఆయన నావైపు చూశారు. నేను ఆకాశంవైపు చూశాను. మనిషికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని వాడికి నేర్పిందెవరో నేను చెప్పదలుచుకోలేదు.

ఇంటికి నడుస్తుంటే చిన్ను టోపీ పైకెత్తకుండా నాలుగడుగులు వెనకే వచ్చాడు. ఇంత రచ్చ చేసి వాడికి ఇష్టమైన ఆటని నేనే చంపేశానా?

"మమ్. ఇఫ్ దేర్ ఈజ్ నో యూనీ, కెన్ ఐ స్టిల్ ప్లే?"

"ఆడు నాన్నా."

"ఐ లైక్ బీయింగ్ ద యూనిట్." వాడి మొహం దీపంలా ఉంది. స్కూలు కుర్చీలు విరగ్గొట్టే వాడి ఒళ్ళు ఎవరికైనా పనికొచ్చిన చోటు ఈ లోకంలో అదొక్కటేనట. ట్యూషన్‌ని మాత్రం బుధవారానికి మార్పించి మళ్ళీ పెట్టించాను. నేనింకా తల్లినే.

కాబట్టి పంచభూతాల సాక్షిగా, వినడానికి మెలకువగా ఉన్న డిష్‌వాషర్ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఈ దేశంలో ఎవరు నా కొడుకుని మెచ్చుకున్నా, ముందు స్పెల్లింగ్ అడుగుతాను. ఆ తరవాతే సంతోషిస్తాను.